కోట ముట్టడిలో సంభావ్యతా గణితం

మేరీలాండ్ రాష్ట్రంలోని మైక్రోప్రోస్ సంస్థ 1991లో సిడ్ మేయర్ రూపొందించిన ‘సివిలైజేషన్’ అనే కంప్యూటర్ క్రీడను వెలువరించింది. చదరంగంలో వలె ఇందులోనూ పక్షాలు వంతులవారీగా ఎత్తులు వేస్తాయి. యుద్ధఫలితాన్ని నిర్ణయించేది సంభావ్యత.

దాడి బలాన్ని, ఇరుపక్షాల బలాల మొత్తంతో భాగిస్తే విజయావకాశం ఇంచుమించుగా తెలుస్తుంది. ఫాలంక్స్ అనే బల్లెముల దళానికి రక్షణ బలం 2. నగరానికి ప్రాకారం ఉంటే అది మూడింతలై 6 అవుతుంది. భూస్వరూపం, సైనికుల అనుభవం వంటి అంశాలను విడిచి లెక్కిద్దాం. దాడి బలం 3 గల లీజియన్ పదాతిదళానికి విజయావకాశం 9లో 3, అనగా మూడింట ఒక వంతు. రాళ్ళు రువ్వే యంత్రమైన కాటపుల్ట్ దాడి బలం 6. దాని అవకాశం 12లో 6, అనగా సగం. మూడు లీజియన్లు ఒకే ఫాలంక్స్‌పై వరుసగా తలపడితే, మూడూ ఓడే అవకాశం 27లో 8. కనుక కోట వశమయ్యే అవకాశం సుమారు 70 శాతం.

అయితే 1687లో ఔరంగజేబు సైన్యం గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించింది. ఫిరంగులకు లొంగని ఆ దుర్గం, లోపలి అధికారి ఒకడు లంచానికి లోబడి ద్వారం తెరిపించగా పతనమైంది. ప్రవాసాంధ్ర బాలబాలికలు ఈ క్రీడలో ప్రాకారబలాన్ని గుణించునపుడు, సూత్రంలో చేరని ఈ అంశాన్ని కూడ తల్లిదండ్రులు వారికి తెలుపవలసి ఉన్నది.