ఫోను మోగినా మాట ఎందుకు వినపడదు?

ఇంటర్నెట్ ద్వారా ఫోన్ చేసినప్పుడు ఒక్కోసారి అవతల ఫోను మోగుతుంది, ఎత్తుతారు, కానీ మాట మాత్రం వినపడదు. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి వెళ్లిన అమ్మానాన్నల గొంతు కోసం ఎదురుచూసే పిల్లలకు అది ఎంత బాధో మనకు తెలుసు. దీనికి తరచుగా కనిపించే కారణం 'నాట్', అంటే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్.

నాట్ అంటే ఏమిటి?

ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లే. అవి చాలవని గ్రహించి 1994లో నాట్ పద్ధతిని ప్రతిపాదించారు. హాస్టల్‌కు చిరునామా ఒక్కటే, లోపల ఉండేది ఎందరో. అలాగే రౌటర్ బయటకు ఒకే చిరునామా చూపి, లోపలి ఫోనుకు 192.168.1.5 వంటి చిరునామా ఇస్తుంది. లోపలి నుంచి ఎవరు ఎక్కడికి పంపారో పట్టికలో రాసుకొని, జవాబు రాగానే వారికి అందిస్తుంది. ఎవరూ అడగకుండా వచ్చిన దానిని పారేస్తుంది.

రెండు ఫోన్లూ ముందే ఒక సర్వర్‌తో సంబంధం పెట్టుకొని ఉంటాయి కనుక ఫోను మోగుతుంది. మాట మాత్రం నేరుగా వెళ్లాలని చూసి రౌటర్ దగ్గర ఆగిపోతుంది.

పరిష్కార పద్ధతులు

1. స్టన్ (2003): ఫోను బయటి సర్వర్‌ను అడిగి, తాను బయటకు ఏ చిరునామా, ఏ పోర్టుతో కనిపిస్తోందో తెలుసుకొని అవతలి ఫోనుకు చెబుతుంది. ఆపై రెండు ఫోన్లూ ఒకదానికొకటి ప్యాకెట్లు పంపుకుంటే రెండు రౌటర్లలోనూ దారి తెరుచుకుంటుంది. కైరుప్పల పిడకల సమరంలాగా ఇక్కడా రెండు వైపుల నుంచీ విసరాల్సిందే! ఖర్చు తక్కువ. అయితే 'సిమెట్రిక్ నాట్' ఒక్కో గమ్యానికి ఒక్కో పోర్టు ఇస్తుంది కనుక అక్కడ ఇది సాధారణంగా ఫలించదు.

2. టర్న్ (2010): మాట మొత్తం మధ్యలోని సర్వర్ గుండా పోతుంది. దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది. కానీ జి.711 పద్ధతిలో ఒక్కో వైపు సెకనుకు 64 కిలోబిట్ల మాటను ఆ సర్వర్ మోయాలి. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. సర్వర్ దూరమైతే మాట ఆలస్యమవుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ హాయిగా సాగుతుంది.

3. ఏఎల్‌జీ: రౌటరే సందేశం లోపలి చిరునామాను దిద్దుతుంది. సందేశం రహస్య లిపిలో ఉంటే దిద్దలేదు. తప్పుగా దిద్దితే కాల్ చెడిపోతుంది.

4. ఐస్ (2010): సాధ్యమైన దారులన్నీ సేకరించి పరీక్షిస్తుంది. నేరుగా పోయే దారికే మొదటి ప్రాధాన్యం. అది కుదరనప్పుడే టర్న్.

ఏది మేలు?

స్టన్ చవక, టర్న్ నమ్మకం. రెండింటినీ అవసరాన్ని బట్టి వాడే ఐస్ అన్నింటికన్నా మేలు. ఐపీ ఆరో వెర్షన్‌లో చిరునామాల కొరత లేదు కనుక నాట్ అవసరం తగ్గుతుంది. అయినా అడగకుండా వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ ఉంటుంది కనుక ఈ పాఠం అప్పుడూ పనికొస్తుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఫోను సెట్టింగులలో కనిపించే ఐపీ నాలుగో వెర్షన్ చిరునామానూ, చిరునామా చూపే వెబ్‌సైటులో కనిపించే దానినీ పక్కపక్కనే రాయండి. రెండూ వేరైతే మధ్యలో నాట్ ఉన్నట్టే అనుకోవచ్చు. పుస్తకంలోని పాఠం మన చేతిలోనే ఉందని అప్పుడు తెలుస్తుంది.