వెండి రూపాయి: కొనే ముందు, తోమే ముందు

'రూపాయెత్తు' అనే మాట మన ఇళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. కషాయానికి సరుకులు చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు ఇప్పటికీ "రూపాయెత్తు శొంఠి, అర్ధరూపాయెత్తు మిరియాలు" అంటూంటారు. ఆ ఎత్తు ఏ రూపాయిది? మన జేబులోని స్టీలు రూపాయిది కాదు. 11.66 గ్రాములు, అనగా సరిగ్గా ఒక తులం తూగే వెండి రూపాయిది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని ఏర్పాటు చేసింది. దాని బరువు 180 గ్రెయిన్లు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. రాజులు మారారు, బొమ్మలు మారాయి గాని, వందేళ్ళకు పైగా ఆ తూకం, ఆ పాళ్ళు మారలేదు.

ఇటువంటి రూపాయలు మా గోదావరి ప్రాంతంలో ఇంటికి నాలుగైనా ఉండడంలో ఆశ్చర్యం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది. వరి అమ్మితే చేతికి వెండి వచ్చింది. ఆ వెండిలో కొంత శిస్తుకు పోగా, కొంత కుండలోకీ, కొంత మెడలోకీ, కొంత దేవుడి పెట్టెలోకీ వెళ్ళింది. అలా వెళ్ళినవే ఇప్పుడు ఒక్కొక్కటిగా మండపేట వెండి కొట్లకు తిరిగి వస్తున్నాయి.

నేను నాణేల పండితుణ్ణి కాను, కెమిస్ట్రీ విద్యార్థిని. రెండేళ్ళుగా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా మండపేట కొట్లలో పాత నాణేలు చూస్తూ, పాకెట్ మనీ మిగిలితే ఒకటీ అరా కొంటూ ఉన్నాను. కొత్తగా మొదలుపెట్టే మిత్రులకు పనికివస్తుందని, నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు సంవత్సరం చూడాలి

వెండి రూపాయలన్నీ ఒకటే అనుకోవడం మనవాళ్ళలో సర్వసాధారణం. 1939 సంవత్సరం వరకు వేసిన రూపాయిలో వెండి నూటికి 91.67 పాళ్ళు, అంటే 10.69 గ్రాములు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940లో ప్రభుత్వం బరువు అలాగే ఉంచి వెండిని సగానికి దించింది. 50 పాళ్ళు వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. కనుక 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలో అసలు వెండి 5.83 గ్రాములే. 1947 రూపాయి పూర్తిగా నికెలు, వెనక పులి బొమ్మ ఉంటుంది. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు.

బొమ్మలను బట్టి గుర్తుపట్టడమూ తేలికే. 1835, 1840 సంవత్సరాలవి కంపెనీ రూపాయలు. 1862 నుంచి విక్టోరియా రాణి. 1877 నుంచి ఆమె పేరు పక్కన 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చింది. 1903 నుంచి 1910 వరకు కిరీటం లేని ఏడ్వర్డు. 1911 నుంచి అయిదవ జార్జి, తరువాత ఆరవ జార్జి. 1940 తరువాతి రూపాయల్లో చాలావాటికి అంచు గీతల మధ్యన ఒక గాడి ఉంటుంది. దొంగనాణేలు వేసేవాళ్ళను అరికట్టడానికి చేసిన ఏర్పాటది.

నైజాం చార్మినార్ రూపాయి లెక్క వేరు. అది సుమారు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు. అక్కడ కూడా యుద్ధకాలంలో వెండి తగ్గింది.

ఇదంతా పరీక్షల కోసం బట్టీపట్టే విషయం కాదు. మా ఇంట్లోనే దీని అవసరం వచ్చింది. అమ్మమ్మ దాచిన రూపాయలు తొమ్మిది ఉన్నాయి. వాటిని కరిగించి చెల్లెలికి పట్టీలు చేయిద్దామని నాన్నగారు అనుకున్నారు. "తొమ్మిది రూపాయలు, తొమ్మిది తులాలు, సుమారు 105 గ్రాముల వెండి" అని ఆయన లెక్క. నేను సంవత్సరాలు చూసి కాగితం మీద వేశాను. అయిదు పాతవి: 1862, 1877, 1885, 1906, 1914. నాలుగు యుద్ధకాలం నాటివి. అయిదింటిలో 53.45, నాలుగింటిలో 23.32, మొత్తం కలిపి 77 గ్రాములకు లోపే. అరుగుదల తీసేస్తే ఇంకా తక్కువ. 28 గ్రాముల తేడా! కొట్టుకు వెళ్ళకముందే ఈ లెక్క తెలియడం వల్ల బేరంలో మాకు ఎక్కడా మాట పట్టింపు రాలేదు.

2. నిజమా, నకిలీయా?

నాణెం కొనేటప్పుడు మొదట కావలసింది అనుమానం. నేను వరుసగా నాలుగు పరీక్షలు చేస్తాను.

మొదటిది తూకం. బాగా అరిగిన రూపాయి 11.3 గ్రాములకు దిగవచ్చు. పొల్లు లేకుండా కొత్తగా ఉండి కూడా 10 గ్రాములే తూగితే దాన్ని అక్కడే వదిలేయాలి.

రెండవది శబ్దం. నాణేన్ని వేలి కొనమీద నిలిపి మరో నాణెంతో అంచుమీద మెల్లగా తడితే వెండి ఖంగుమని చాలాసేపు మోగుతుంది. సీసం కలిసినది టప్పుమని ఊరుకుంటుంది. రాతిమీద పడేసి చూడకూడదు, అంచు సొట్టపోతుంది.

మూడవది భూతద్దం. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ ఒక అతుకు గీత, ఒంటినిండా సూదిపోటుల్లాంటి గుంటలు ఉంటాయి. అచ్చుకొట్టిన అసలు నాణేనికి అవి ఉండవు. అరుదైన సంవత్సరం కనిపిస్తే అంకెలను మరీ నిదానంగా చూడాలి. ఉదాహరణకు 1939 రూపాయి చాలా అరుదు. అందుచేత వేరే సంవత్సరపు ఆఖరి అంకెను చెక్కి 9గా మార్చేవాళ్ళు ఉంటారు.

నాలుగవది ఆర్కిమెడీస్ నేర్పినది. డిజిటల్ త్రాసు మీద నీళ్ళ బీకరు పెట్టి, తూకం సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. త్రాసు చూపించే అంకె, నాణెం తొలగించిన నీటి బరువు. పాత రూపాయికి అది సుమారు 1.13 గ్రాములు వస్తుంది. సగం వెండి రూపాయికి 1.22. వెండి బొత్తిగా లేని జర్మన్ సిల్వరుకు 1.3 దాటుతుంది. నాణెం మీద గీత పడదు, ఆమ్లం చుక్క పడదు. మన ల్యాబులో పది నిమిషాల పని.

వీటన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. 1818 అని సంవత్సరం వేసి, ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, రెండోవైపు హనుమంతుడో సీతారాములో ఉన్న బిళ్ళలు మన ప్రాంతంలో చాలా తిరుగుతున్నాయి. అవి కంపెనీ వేసిన నాణేలు కావు. భక్తికోసం తరువాత కాలంలో తయారైన బిళ్ళలు. పూజలో పెట్టుకోవచ్చు గాని, లక్షలు పోసి కొనేవి కావు. అలాగే 'రైస్ పుల్లర్' అంటూ బియ్యపుగింజలను లాగే నాణేలు, చెంబులు ఉన్నాయని చెప్పి డబ్బు గుంజే ముఠాలమీద మన రాష్ట్రంలో ఎన్నో పోలీసు కేసులు నడిచాయి. బియ్యాన్ని లాగే లోహమేదీ లేదు. లాగేది మన ఆశ ఒక్కటే.

3. నలుపు ఎందుకు వస్తుంది?

మొదటిసారి కొట్టులో నాణేలు చూస్తున్నప్పుడు నా చెయ్యి తెల్లగా మెరిసేవాటి మీదికే పోయింది. అక్కడ కూర్చున్న పెద్దాయన, కంసాలి పనిలో తల నెరిసినవాడు, నవ్వి అన్నాడు: "నల్లగా ఉందని భయపడకండి బాబూ. నూట యాభై ఏళ్ళదై ఉండి తెల్లగా మెరిసిపోతోందంటే, దానికి భయపడాలండీ."

ఆయన మాటలో కెమిస్ట్రీ ఉంది. వెండికి తుప్పు పట్టదు. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఆ పొర పలచగా ఉన్నప్పుడు పసుపుగా, ఆపైన గోధుమ, నీలి రంగులుగా, దట్టమైతే నల్లగా కనిపిస్తుంది. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడడానికీ ఇదే కారణం. రబ్బరు బ్యాండులోనూ, ఉన్నిబట్టలోనూ గంధకం ఉంటుంది కాబట్టి వాటిలో చుట్టిన నాణెం ఇంకా త్వరగా నల్లబడుతుంది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా, సమానంగా పట్టిన ఈ పొర లోపలి వెండికి కొంతవరకు కాపుదలే. సేకరణదారులు దాన్ని చెరపరు. తోమిన నాణేనికి వాళ్ళు ఇచ్చే ధర, తోమనిదానికంటే బాగా తక్కువ.

4. తోమితే ఏం పోతుంది?

ఈ సంగతి కళ్ళారా చూడాలని, బొమ్మ దాదాపు అరిగిపోయి కరిగించడానికి పక్కన పెట్టిన పావలాలు మూడు వెండి ధరకే కొన్నాను. ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క పద్ధతి పెట్టి, ముందూ వెనకా మైక్రోస్కోపు కింద చూశాను.

మొదటిదాన్ని పళ్ళపొడితో తోమాను. తెల్లగా మెరిసింది. మైక్రోస్కోపులో చూస్తే దుక్కి దున్నిన చేనులా ఉంది! నల్లపొరతో పాటు దాని కింది వెండీ కొంత పోయింది. మన ఇళ్ళలో వాడే విభూతి, కచిక, ముగ్గుపిండి చేసేదీ ఇదే పని.

రెండవది చింతపండుతో. అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి తాలూకు మురికిని వదిలిస్తుంది గాని సిల్వర్ సల్ఫైడును అంతగా కరిగించదు. మెరుపు వచ్చిందంటే అది చాలావరకు మన బొటనవేలి బలం. గీతలు తక్కువే గాని లేకపోలేదు.

మూడవదానికి రుద్దడం లేదు. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, పావలాను దానికి ఆనించి, వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోశాను. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. అల్యూమినియం గంధకాన్ని లాక్కుని వెండిని వెండిగా వదిలేస్తుంది. కొత్త గీతలు పడలేదు. కాని పైభాగం సున్నం కొట్టినట్టు నిర్జీవంగా మారింది, పాత రంగు పూర్తిగా పోయింది. పూజ సామాను, కంచాలు, గ్లాసులకు ఇది మేలైన పద్ధతి. సేకరణ నాణేలకు ఇదీ వద్దు.

పైపొర పోతే ఇంత గొడవ ఎందుకు? 1911లో అయిదవ జార్జి రూపాయి వచ్చినప్పుడు, రాజుగారి వస్త్రం మీద చిన్న ఏనుగు బొమ్మ ఉండేది. తొండం పొట్టిగా ఉండడం వల్ల అది పందిలా ఉందని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ రూపాయలను ఆపి, చాలాభాగం కరిగించి, 1912లో బొమ్మ సవరించింది. ఒక దేశపు ప్రభుత్వాన్ని కదిలించిన ఆ తొండం ఎంత ఉంటుంది? ఆవగింజంత! అలాగే 1862 అని ఉన్న విక్టోరియా రూపాయలు ఆ ఒక్క ఏడాదివి కావు. అదే సంవత్సరంతో మరో పదేళ్ళకు పైగా అచ్చువేశారు. వాటిలో ఏది ఎప్పటిదో తేల్చడానికి వెనకవైపు ఉన్న చిన్న చిన్న చుక్కలే ఆధారం. పళ్ళపొడి ముందుగా తినేసేది ఈ తొండాలనూ, ఈ చుక్కలనూ. తూకం దాదాపు అలాగే ఉంటుంది, చరిత్ర మాత్రం పోతుంది.

5. ఏం చెయ్యవచ్చు?

మట్టి, జిడ్డు ఉంటే డిస్టిల్డ్ వాటరులో ఒక రాత్రి నానబెట్టి, అవసరమైతే ఒక చుక్క మెత్తని సబ్బుద్రావణం వేసి, మళ్ళీ డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. నూలుగుడ్డ మీద ఉంచి అద్దాలి, రుద్దకూడదు. జిగురు, ప్లాస్టిక్ పచ్చజిడ్డు అంటితే శుద్ధమైన అసిటోను వాడవచ్చు. అది నల్లపొరను ముట్టుకోదు. మంటకు దూరంగా, గాలి ఆడేచోట చెయ్యాలి. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, మైలారు కవర్లు మంచివి. మా ప్రాంతపు వానాకాలం తేమకు డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. పొలంలో, పాత ఇంటి పునాదిలో నిధి దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుగారికి తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మన దగ్గర ఉంచుకోవచ్చు గాని, విదేశాల్లోని బంధువులకు కానుకగా పంపడం నేరం.

మా ఇంటి తొమ్మిది రూపాయల సంగతి చెప్పి ముగిస్తాను. లెక్క చూశాక నాన్నగారు యుద్ధకాలం నాటి నాలుగింటిలో మూడు కొట్టుకిచ్చి, తక్కువైనదానికి డబ్బు కలిపి పట్టీలు చేయించారు. నాలుగవదాని మీద లాహోరు టంకశాల గుర్తయిన 'ఎల్' అక్షరం చిన్నగా కనిపించింది. ఇప్పుడు మన దేశంలో లేని ఊరిలో అచ్చయిన మన రూపాయి గనుక అది ఇంట్లోనే ఉంది. పాత అయిదూ ఉన్నాయి. పండుగకు వాటిని చింతపండుతో తోమడం అమ్మమ్మ మానుకుంది. "నల్లగానే పెట్టమంటావేంట్రా దేవుడికి?" అని ఒకసారి గొణిగి, పసుపునీళ్ళు చిలకరించి ఊరుకుంది.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి సెలవుల్లో మీ ఇంట్లో ఉన్న పాత రూపాయల సంవత్సరం, బరువు, ఎవరి ద్వారా వచ్చిందీ ఒక నోటుబుక్కులో రాయండి. రాజమహేంద్రవరంలోని రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియానికి ఒకసారి వెళ్ళి పాత నాణేలు చూసి రండి. అమ్మాలా ఉంచాలా అన్నది ఆ తరువాత మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని తేల్చుకోవచ్చు. అంతవరకు పళ్ళపొడి పళ్ళకే ఉంచండి.