లింఫోమా రిపోర్టులో ‘కి-67’ అంటే ఏమిటి?

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పుండు మానితే అదీ తగ్గుతుంది. కాని మెడలో, చంకలో, గజ్జల్లో కట్టిన బిళ్ళ నొప్పి లేకుండా మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే అశ్రద్ధ చేయరాదు. అది క్షయ కావచ్చు, లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. రెండింటిలోనూ జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉండవచ్చు. కనుక బయాప్సీ చేయించాలి. ఆ రిపోర్టులో ‘కి-67’ పక్కన ఒక శాతం ఉంటుంది. అదేమిటో తెలుసుకుందాం.

పేరు ఎలా వచ్చింది?

కణం రెండుగా చీలడానికి సిద్ధమైనప్పుడు దాని కేంద్రకంలో కి-67 అనే ప్రొటీన్ ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న కణంలో కనబడదు. దీనిని గుర్తించే యాంటీబాడీని 1983లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్డెస్, ఆయన సహచరులు వెల్లడించారు. ‘కి’ ఊరి పేరు నుండి, 67 ప్రయోగపు పళ్ళెంలోని గుంట సంఖ్య నుండి వచ్చాయి.

శాతం ఏమి చెబుతుంది?

నారు పోసే ముందు రైతు వంద గింజలు తడిగుడ్డలో కట్టి ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. ఇదీ అలాంటి లెక్కే. వంద క్యాన్సర్ కణాలలో ఎన్ని పెరిగే పనిలో ఉన్నాయో చెబుతుంది. ఫాలిక్యులర్ లింఫోమాలో ఈ అంకె సాధారణంగా తక్కువ. మాంటిల్ సెల్ లింఫోమాలో 30 దాటితే వేగం ఎక్కువని అర్థం. బర్కిట్ లింఫోమాలో దాదాపు 100 ఉంటుంది.

ఈ ఒక్క అంకెతోనే గ్రేడు నిర్ణయించరు. ఫాలిక్యులర్ లింఫోమాలో మైక్రోస్కోపు కింద పెద్ద కణాలను లెక్కిస్తారు. ఒక్కో ఫీల్డులో సగటున 15 దాటితే మూడో గ్రేడు. స్టేజి వేరు, అది వ్యాధి ఎంతవరకు పాకిందో చెబుతుంది.

అంకె పెద్దదైతే ఆశ లేనట్లేనా?

కాదు. కీమోథెరపీ మందులు చీలే కణాల మీదే ఎక్కువగా పనిచేస్తాయి. బర్కిట్ లింఫోమా వేగంగా పెరిగినా, వెంటనే చికిత్స మొదలుపెడితే చాలామందికి నయమవుతుంది. పెద్ద అంకె చెప్పేది ఒక్కటే: ఆలస్యం చేయవద్దు.

గుర్తుంచుకోండి

• బయాప్సీకి ముందు సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు వాడవద్దు. బిళ్ళ తాత్కాలికంగా తగ్గి వ్యాధి దొరకకుండా పోవచ్చు.

• గుడివాడ, మచిలీపట్నం, విజయవాడ ఎక్కడ పరీక్ష చేయించినా రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనపు బ్లాకు అడిగి తీసుకుని భద్రపరచండి. మరో ఆసుపత్రికి వెళ్ళినా మళ్ళీ కోయకుండా పరీక్షించవచ్చు.

• 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తరువాత డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి.