లక్కిరెడ్డిపల్లె కనుమలో ప్రపంచయుద్ధం

ప్రపంచయుద్ధం అనగానే మీకు 1914, 1939 గుర్తుకొస్తాయి కదూ! అంతకు చాలాముందే, 1756 నుంచి 1763 వరకు యూరపు, అమెరికా, ఆఫ్రికా, ఇండియాలలో ఒకేసారి సాగిన యుద్ధం ఒకటుంది. అదే సప్తవర్ష సంగ్రామం. మొదటి ప్రపంచయుద్ధం నిజానికి ఇదేనని కొందరు చరిత్రకారులంటారు. దాని కారణాల్లో కొన్నిటిని వెతకడానికి లండను, పారిస్ వెళ్ళనక్కర్లేదు. రాయచోటి వెళితే చాలు!

ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు మన తూర్పుతీరానికి వచ్చింది ముఖ్యంగా బట్టలకోసం. మన నేతకు, అద్దకానికి యూరపులో గొప్ప గిరాకీ. వారి సరుకు మాత్రం ఇక్కడ కొనేవారు తక్కువ. అందుచేత ఓడలనిండా వెండి తెచ్చి బట్టలు కొనేవారు. ఒకే సంతలో ఒకే సరుకుకు ఇద్దరు వర్తకులు పోటీపడితే ఏమవుతుంది? ధర పెరుగుతుంది, లాభం తగ్గుతుంది. ఎదుటివాణ్ణి సంతలోంచే తరిమేస్తే? అందుకు కోటలు, ఫిరంగులు, సిపాయిలు కావాలి. సిపాయిలకు జీతాలివ్వాలి. బట్టల లాభం అందుకు చాలదు.

పాండిచేరి గవర్నరు డూప్లే దీనికొక ఉపాయం పన్నాడు. నవాబుకు సైన్యం అద్దెకివ్వడం, బదులుగా కొన్ని తాలూకాల శిస్తు పుచ్చుకోవడం! ఇక జీతాలకు వెండి ఓడలకోసం ఎదురుచూడనక్కర్లేదన్నమాట. ఆ భారం మోసేది ఎవరంటారా? వానకోసం ఆకాశంకేసి చూసే రైతే.

1748లో మొదటి నిజాం చనిపోయాడు. గద్దెకోసం కొడుకు నాసర్‌జంగ్, కూతురి కొడుకు ముజఫర్‌జంగ్ తలపడ్డారు. ఇంగ్లీషువారు మొదటివాని పక్షం, ఫ్రెంచివారు రెండోవాని పక్షం చేరారు. తమాషా ఏమంటే, ఆ ఏడే యూరపులో ఈ రెండు దేశాలకూ సంధి కుదిరింది. ఫ్రెంచివారు పట్టుకున్న మద్రాసును ఇంగ్లండుకిచ్చి, అమెరికాలోని లూయిస్‌బర్గ్ కోటను తిరిగి పుచ్చుకున్నారు. పటంలో ఈ రెండు ఊళ్ళనూ వెతికి చూడండి, ఎంత దూరమో!

కడప, కర్నూలు, సావనూరు నవాబులు నాసర్‌జంగ్ వెంట ఉంటూనే డూప్లేతో లోపాయకారీగా మాట్లాడుకున్నారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసర్‌జంగ్ హతుడయ్యాడు. ముజఫర్‌జంగ్ సుబేదారయ్యాడు. ఫ్రెంచి సేనాని బుస్సీని తోడు తీసుకుని హైదరాబాదుకు బయలుదేరాడు. దారి కడప కొండలమీదుగా. తాము కోరిన ప్రతిఫలం దక్కలేదని నవాబులు అప్పటికే రగిలిపోతున్నారు. 1751 ఫిబ్రవరిలో లక్కిరెడ్డిపల్లె కనుమ దగ్గర అడ్డగించారు. ఫ్రెంచి ఫిరంగుల ముందు వారు నిలవలేకపోయారు. కాని వారిని తరుముతూ పోయిన ముజఫర్‌జంగ్ ఈటెపోటుకు కూలాడు. కర్నూలు నవాబు కూడా అక్కడే మరణించాడు. బుస్సీ తొణకలేదు. దండులోనే బందీగా ఉన్న సలాబత్‌జంగ్‌ను సుబేదారుగా నిలబెట్టి, ముందుకు సాగి కర్నూలు కోటను పట్టుకున్నాడు. మూడేళ్ళలోపే సైన్యం ఖర్చుకింద ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికొచ్చాయి.

ఇదంతా పేరుకు శాంతికాలమే! అమెరికాలోనూ 1754లో ఒహాయో లోయకోసం ఇదే జంట కొట్లాడుకుంది. ఇక యూరపులో ప్రష్యా 1740లో సైలీషియాను ఆక్రమించింది. దాన్ని తిరిగి పొందాలని ఆస్ట్రియా పట్టుదల. 1756లో ఇంగ్లండు ప్రష్యాతోనూ, ఫ్రాన్సు ఆస్ట్రియాతోనూ జతకట్టాయి. సైలీషియా తగాదా ఒక్కటే అయితే అది యూరపు యుద్ధంగానే ఉండిపోయేదని నా అభిప్రాయం. దాన్ని ప్రపంచమంతటికీ పాకించినవి వర్తకమూ, వలసలూ.

1758 డిసెంబరులో చందుర్తివద్ద, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడారు. గాలివాటం చూసి సలాబత్‌జంగ్ ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. 1763లో పారిస్ సంధి అతణ్ణే దక్కను సుబేదారుగా గుర్తించింది. కాని అప్పటికే తమ్ముడు నిజాం అలీ అతణ్ణి బీదరు కోటలో ఖైదు చేశాడు!

డూప్లే ఉపాయాన్ని ఇంగ్లీషువారు మరచిపోలేదు. 1800లో, తన రక్షణకు ఉంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చుకింద నిజాం అలీ కడప, బళ్ళారి ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. వాటికి దత్తమండలాలనే పేరు అలా వచ్చిందే. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలో ఉండింది.