మొదటి మంగళవారం

ఇర్వింగ్, టెక్సాస్
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ మాటల్లో సగం నా కుక్కర్ విజిళ్ళలో పోయాయి, మిగతా సగం నీ కొడుకు ఏడుపులో. నాకు అందినంత వరకు సంగతి ఇది: ఓక్ క్లిఫ్‌లో పాత ఇల్లొకటి చూశావు, ఆ పెద్దాయన 1,55,000 డాలర్లకి ఇస్తానన్నాడు, నువ్వింకా సంతకం పెట్టలేదు, క్యాష్ బయ్యర్లని ఎక్కడ వెతకాలో పాలుపోవడం లేదు. సంతకం పెట్టలేదన్నావు చూడు, అక్కడ నా ప్రాణం కుదుటపడింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్లో అయితే మీ పెదనాన్న మధ్యలో దూరి తన సలహాలు మొదలుపెడతారు.

నువ్వు దిగిన వ్యాపారం మనకి కొత్తదేం కాదు. మీ తాతయ్య రోజుల్లో దీన్ని మారుబేరం అనేవాళ్ళు. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకోవడం, గడువు తీరేలోగా ఇంకొకరిని ఎక్కువకి ఒప్పించి, రిజిస్ట్రేషను వాళ్ళ పేర చేయించి పక్కకి తప్పుకోవడం. ఇక్కడ హోల్‌సేలింగ్ అంటున్నారు. నువ్వు అమ్మేది ఇంటిని కాదమ్మా, ఆ ఇంటిని కొనే హక్కున్న కాగితాన్ని. టెక్సాస్‌లో 2017 నుంచి చట్టమే ఉంది. లైసెన్సు లేకపోయినా నీ కాంట్రాక్టు నువ్వు అమ్ముకోవచ్చు, కానీ ‘ఇల్లు నాది కాదు, నా చేతిలో ఉన్నది కాంట్రాక్టు’ అని కొనేవాడికి కాగితం మీద రాసి చెప్పి తీరాలి, ఆ కాంట్రాక్టు ఇంకొకరికి అమ్మబోతున్నానని ఇల్లు అమ్మేవాడికీ రాసి ఇవ్వాలి. చెప్పకపోతే లైసెన్సు లేకుండా బ్రోకరు పని చేసినట్టే లెక్క. కాబట్టి అమ్మే పెద్దాయనకి ఆ ముక్క రాసి ఇవ్వడం మర్చిపోకు. ఆయన తన ఇల్లు నువ్వే కొంటున్నావనుకుని ఉంటాడు.

ఇక క్యాష్. మన దగ్గర ఆ మాట వింటే రిజిస్ట్రేషను విలువ చెక్కులో, మిగతాది సంచిలో అని గుర్తొస్తుంది. ఇక్కడ నోట్ల కట్టలు తెస్తే, రిజిస్ట్రేషనూ డబ్బు లెక్కా చూసే టైటిల్ కంపెనీ వాళ్ళు భయపడి చస్తారు. బ్యాంకు లోను మంజూరయ్యేదాకా నెలా నెలన్నర ఆగక్కర్లేకుండా, వారం పది రోజుల్లో వైరు పంపగలిగిన వాడిని క్యాష్ బయ్యర్ అంటారు. అది సొంత డబ్బు కావచ్చు. హార్డ్ మనీ అని పాత ఇళ్ళు బాగుచేసి అమ్మేవాళ్ళకి ఎక్కువ వడ్డీకి కొద్ది నెలలు అప్పిచ్చే వాళ్ళుంటారు, వాళ్ళ డబ్బూ కావచ్చు. రెండూ పనికొస్తాయి. మూడోరకం ఒకటుంది. మాటల్లోనే క్యాష్.

ఆ మూడోరకం నాకెలా తెలుసో నీకెప్పుడూ చెప్పలేదు. టైటిల్ కంపెనీలో అన్నేళ్ళు కూర్చుని ఎందరి వైర్లో లెక్క చూసి రిటైరైన మనిషిని, నేనే మోసపోయానని చెప్పుకోవడానికి నామోషీ. రిటైరయ్యాక ఊరుకోలేక మీ పెదనాన్నా నేనూ ప్లెజెంట్ గ్రోవ్‌లో ఒక ఇంటికి కాంట్రాక్టు రాసుకున్నాం. ఒకతను నెలకి నాలుగిళ్ళు కొంటానన్నాడు, ఏ ఏరియా అయినా సరే అన్నాడు. డబ్బుందని చూపే బ్యాంకు లెటరు అడగడానికి నాకే మొహమాటమేసింది. క్లోజింగు రోజు పొద్దున ‘మా పార్ట్‌నరు డబ్బు ఇంకా రాలేదు’ అని మెసేజి పెట్టాడు. అతనూ మనలాగే మారుబేరగాడట, మా కాగితాన్ని ఇంకొకడికి చూపించి తిరుగుతున్నాడు. అమ్మే ముసలావిడ అప్పటికే సామానంతా అట్టపెట్టెల్లో సర్దేసి, వాకిట్లో అద్దె ట్రక్కు పెట్టుకుని కూర్చుంది. వంటింట్లో ఒక్క గిన్నె, ఒక్క చెంచా బయట ఉంచుకుంది, ఆ పూట తినడానికి. ఆ చెంచా నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

ఆ సాయంత్రం ఏం తోచక ఆ వీధిలోనే నడుస్తుంటే మూడిళ్ళవతల ఒకాయన నిచ్చెనేసుకుని రేకు బిగిస్తున్నాడు. అదీ, దాని ఎదురుగా ఉన్నదీ ఆయన అద్దె ఇళ్ళేనట. ముసలావిడ ఇంటి సంగతి చెప్తే నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. మేం రాసుకున్న ధరకే తీసుకుంటానన్నాడు. మాకు ఒక్క డాలరు మిగల్లేదు. తొమ్మిదో రోజున ఆయన వైరు వచ్చింది, ఆవిడ వాళ్ళ అబ్బాయి దగ్గరకి వెళ్ళిపోయింది.

కొనేవాడు మూడిళ్ళ అవతలే ఉన్నాడు, నేను ఊరంతా వెతికాను. అందుకని నీ పని ఓక్ క్లిఫ్‌లో ఆ వీధి నుంచే మొదలుపెట్టు. డల్లాస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్ళ సైటులో ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడు. పన్ను బిల్లు వెళ్ళే అడ్రసు వేరే ఊరిదై, హోమ్‌స్టెడ్ మినహాయింపు లేకపోతే సొంతదారు అందులో ఉండటం లేదన్నమాట. ఒకే ఎల్‌ఎల్‌సీ పేరు రెండు మూడు ఇళ్ళ మీద కనిపిస్తే ఆ పేరు రాసుకో. ఆ కంపెనీ వెనక మనిషెవరో టెక్సాస్ కంప్‌ట్రోలర్ సైటులో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

తర్వాత కౌంటీ క్లర్క్ రికార్డులు. ఇది నా పేట కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకో. టెక్సాస్‌లో అమ్మకం ధర బయటపెట్టక్కర్లేదు. డీడ్ మీద ‘పది డాలర్లు, తదితర ప్రతిఫలం’ అని రాసి ఊరుకుంటారు. కాబట్టి ఎంతకి కొన్నాడో నీకు దొరకదు, కానీ ఎలా కొన్నాడో దొరుకుతుంది. అప్పు చేసి కొంటే డీడ్‌లో సాధారణంగా వెండర్స్ లీన్ అన్న మాట ఉంటుంది, దాని వెనకాలే డీడ్ ఆఫ్ ట్రస్ట్ అని ఇంకో కాగితం నమోదవుతుంది, మన తనఖా పత్రం లాంటిది. డీడ్ ఒక్కటే ఉండి వెనక ఆ కాగితం లేకపోతే చాలావరకు సొంత డబ్బు. కాగితం ఉన్నా, అందులో అప్పిచ్చినవాడు మామూలు బ్యాంకు కాకుండా హార్డ్ మనీ కంపెనీ అయితే అతనూ నీకు కావలసినవాడే. పోయిన ఆర్నెల్లలో ఆ చుట్టుపక్కల అలా కొన్నవాళ్ళు ఎనిమిది మంది దొరికినా నీకు పండగే. వెయ్యి పేర్ల లిస్టు అమ్ముతామని ఎవరైనా వస్తే ఆ డబ్బుతో పిల్లాడికి బూట్లు కొను.

వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు నీ ఇంటి కబురు ముందే చెప్పకు. ‘ఆ వీధిలో ఇంకోటి వస్తే చూస్తారా, ఎలాంటిది కావాలి, పోయినసారి కొన్నదాంట్లో ఏం తిప్పలు పడ్డారు’ అని అడిగి ఊరుకో. నిజంగా కొనేవాడు తిట్టుకుంటాడు. ప్లంబరుని తిడతాడు, సిటీ పర్మిటుని తిడతాడు, ఫలానా వీధికి అవతల వద్దంటాడు. ‘ఎక్కడైనా, ఏదైనా తీసుకుంటా’ అన్నవాడికి దండం పెట్టు. రోడ్డు పక్కన స్తంభాలకి ‘ఇళ్ళు కొంటాం’ అని కట్టిన బోర్డులు చూసి ఫోన్ చేశానన్నావు కదా, వాటిలో చాలా మటుకు నీలాంటి వాళ్ళవే.

మనవాళ్ళని కూడా అడిగే ఉంటావు. ఫ్రిస్కోలో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే అందరూ ఇన్వెస్టర్లే. కానీ వాళ్ళు కొనేది సెలీనాలోనో ప్రాస్పర్‌లోనో బిల్డరు కట్టిన కొత్త ఇల్లు, అదీ బ్యాంకు లోను మీద. 1950ల నాటి చెక్క ఇల్లు, దిమ్మెల మీద నిలబడ్డది చూపించావనుకో, ‘స్కూళ్ళు ఎలా ఉన్నాయండీ’ అని అడుగుతారు. మనవాళ్ళలోనూ పాత ఇళ్ళు కొని బాగుచేసే వాళ్ళు లేకపోలేదు. వాళ్ళు వ్రతాల్లో దాని గురించి మాట్లాడరు, అంతే.

ఇంకో చోటు ఉంది, నీకు ఎవరూ చెప్పి ఉండరు. సొంతదారు లోను కట్టలేకపోతే బ్యాంకు వేలానికి పెట్టే ఇళ్ళ పాట టెక్సాస్ అంతటా ప్రతి నెలా మొదటి మంగళవారమే జరుగుతుంది. పొద్దున 10కీ సాయంత్రం 4కీ మధ్య, కౌంటీ చూపించిన చోట. ఆ మంగళవారం జనవరి 1నో జులై 4నో పడితే మర్నాటికి మారుతుంది. అక్కడ లోను మాటే లేదు, పాడినవాడు అప్పటికప్పుడు కట్టాలి. అందుకే వచ్చినవాళ్ళు బ్యాంకు రాసిచ్చిన క్యాషియర్స్ చెక్కులు కవర్లలో పెట్టుకుని వస్తారు. పాట గెలిచినవాడి వెంట పడకు, వాడు హడావుడిలో ఉంటాడు. ఓడిపోయినవాడిని చూడు. చెక్కు ఇంకా జేబులోనే ఉంది, పొద్దున్నుంచీ నిలబడి ఉత్త చేతులతో ఇంటికెళ్ళాలని చిరాకుగా ఉంది. రెండు నెలలు వరసగా అక్కడ కనిపిస్తే వాళ్ళే నిన్ను పలకరిస్తారు.

కొనేవాడు దొరికాక నీ పరువు నిలబెట్టేది నీ లెక్క. బాగుచేస్తే ఆ ఇల్లు 3,00,000కి పోతుందన్నావు, సరే అనుకుందాం. బాగుచేసి అమ్మేవాళ్ళు అందులో 70 శాతం, అంటే 2,10,000 వేసుకుని, రిపేర్ల ఖర్చు తీసేస్తారు. మిగతా 30 శాతంలో రెండుసార్ల క్లోజింగు ఖర్చులు, హార్డ్ మనీ వడ్డీ, టెక్సాస్ ఆస్తి పన్ను, ఏజెంటు కమిషను పోను వాళ్ళ లాభం. నువ్వు రిపేర్లు 25,000 అన్నావు, అలా అయితే 1,85,000కి అమ్మచ్చు, నీకు 30,000 మిగులుతుందని లెక్కేసుకున్నావు. ఫొటోలో ఆ కిటికీ మూలనుంచి ఎక్కిన పగులు చూశావా? డల్లాస్ కింద ఉన్నది నల్లరేగడి, అచ్చం మన గుంటూరు నేలే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్ళు తెరుస్తుంది, ఇంటి పునాదిని అటూ ఇటూ ఊపుతుంది. మా నిచ్చెన ఆయన ప్లెజెంట్ గ్రోవ్ ఇంట్లోకి రాగానే ఏం చేశాడో తెలుసా, జేబులోంచి గోలీకాయ తీసి వంటింటి నేల మీద పెట్టాడు. అది దానంతట అది దొర్లుకుంటూ పోయి ఫ్రిజ్ కింద దూరింది. ‘పునాది’ అని ఒక్క మాటన్నాడు. నీ ఇంటికి రిపేర్లు 45,000కి తగ్గవని నా అంచనా. అప్పుడు కొనేవాడు ఇచ్చేది 1,65,000, నీకు 10,000. అద్దెకిచ్చేవాడైతే లెక్క వేరు, అతను వచ్చే అద్దెలోంచి పన్నూ ఇన్సూరెన్సూ తీసి చూసుకుంటాడు, ఒక్కోసారి కాస్త ఎక్కువే ఇస్తాడు. పగులు సంగతి నువ్వే ముందు చెప్పు, ఫొటో కూడా పంపు. ఒక్కసారి దాచావో, రెండో ఇంటికి వాళ్ళు ఫోన్ ఎత్తరు.

కాగితాల సంగతి గబగబా చెప్తాను. కాంట్రాక్టు ఇంకొకరికి బదలాయించవచ్చని అందులో రాసి ఉండాలి. కొద్దిపాటి ఫీజు కట్టి ఆప్షన్ పీరియడ్ తీసుకో, ఆ రోజుల్లో కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ గడువు దాటేలోగా కొనేవాడు దొరక్కపోతే పెద్దాయనకి నువ్వే వెళ్ళి చెప్పు, ఆయన్ని వేలాడదీయకు. కొనేవాడి దగ్గర బ్యాంకు లెటరు తీసుకుని, అందులో ఉన్న నంబరుకి కాకుండా ఆ బ్యాంకు నంబరు నువ్వే వెతికి ఫోన్ చెయ్యి. రెండు మూడు వేలన్నా తిరిగివ్వని బయానా టైటిల్ కంపెనీలో వేయించు. మొహమాటపడితే ఏమవుతుందో పైన రాశానుగా. కాంట్రాక్టుల బదలాయింపులకి అలవాటుపడిన టైటిల్ కంపెనీ ఏదో ముందే కనుక్కో, అందరూ చెయ్యరు. ఆ పెద్దాయన ఇల్లు ఇంకా చనిపోయిన వాళ్ళమ్మ పేరునే ఉందేమో కూడా అడుగు. ఓక్ క్లిఫ్‌లో అలాంటివి నా టేబుల్ మీదకి బోలెడు వచ్చేవి, అక్కచెల్లెళ్ళందరి సంతకాలూ అయ్యేసరికి నెలలు పట్టేది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. నీకు హెచ్-4 మీద వర్క్ పర్మిట్ ఉంది కాబట్టి నువ్వు ఈ పని చేసుకోవచ్చు, కార్డు గడువు చూసుకుంటూ ఉండు. మీ ఆయన హెచ్-1బీ మీద ఉన్నాడు. సాయం పేరుతో అతన్ని ఇళ్ళు చూపించడానికీ బేరాలాడటానికీ తిప్పకు. ఈ వ్యాపారానికి కంపెనీ పెట్టి అందులో అతని పేరు రాయాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడుగు. పది వేల కోసం గ్రీన్‌కార్డుకై పదేళ్ళ ఎదురుచూపు పాడుచేసుకోకండి.

ఎల్లుండి మొదటి మంగళవారం. నేనూ వస్తాను, తొమ్మిదింటికి వచ్చి ఎక్కించుకో. పిల్లాణ్ణి మీ పెదనాన్న దగ్గర వదిలేద్దాం, ఇద్దరికీ కార్టూన్లు ఇష్టమే. ఎండ టోపీ తెచ్చుకో, నీళ్ళు తెచ్చుకో. వచ్చేటప్పుడు ఓక్ క్లిఫ్ మీదుగా వద్దాం, ఆ ఇల్లు నేను చూడాలి. మీ వాడి బొమ్మల బుట్టలో గోలీకాయ ఏదైనా ఉంటే పర్సులో వేసుకురా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ