హామ్ క్లబ్బు పెడుతున్నారా? హక్కులేమిటి, హద్దులేమిటి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, సెల్ సిగ్నలు ఒకేసారి పోయాయి. పక్క వీధిలో ఉన్నవాళ్లు ఎలా ఉన్నారో కూడా తెలియని స్థితి. అలాంటప్పుడు బ్యాటరీ, తీగ, చిన్న సెట్టుతో కబురు అందించగలిగేది హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో. అందుకే ప్రతి తుపాను తర్వాత కాలేజీల్లో, యువజన సంఘాల్లో క్లబ్బు పెట్టాలన్న ఉత్సాహం వస్తుంది. ఉత్సాహంతో పాటు వచ్చే ప్రశ్నలకు ఇవీ జవాబులు.

లైసెన్సు ఎవరికిస్తారు? చదువు, డిగ్రీ కావాలా?

డిగ్రీ అక్కర్లేదు. 12 ఏళ్లు నిండిన భారతీయులెవరైనా పరీక్ష రాయొచ్చు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే మన హాములు డబ్ల్యూపీసీ అని పిలిచే ఆఫీసు, దీన్ని నిర్వహిస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమాలు మరో భాగం. ఈ రెండూ పాసైతే రిస్ట్రిక్టెడ్ గ్రేడు. వీటితో పాటు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కూడా వస్తే జనరల్ గ్రేడు. జనరల్ వాళ్ల కాల్‌సైన్, అంటే గాల్లో స్టేషన్ గుర్తింపు పేరు, మామూలుగా వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ వాళ్లది వీయూ3తో మొదలవుతుంది. రుసుము 20 ఏళ్లకు 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. ఇంత తక్కువ ఖర్చుతో ప్రభుత్వం మన చేతికిచ్చే సాంకేతిక హక్కు మరొకటి నాకు తెలియదు.

క్లబ్బుకు సొంత కాల్‌సైన్ ఉంటుందా?

ఉంటుంది. క్లబ్బు పేరున విడిగా లైసెన్సు తీసుకోవాలి. స్టేషన్ బాధ్యత మాత్రం లైసెన్సున్న ఒక వ్యక్తిదే. లాగ్ పుస్తకం రాయించడం, సెట్టు ఎవరు వాడుతున్నారో చూసుకోవడం, డబ్ల్యూపీసీ అడిగితే జవాబు చెప్పడం, అన్నీ ఆయన లేదా ఆమె పని. క్లబ్బులో వందమంది సభ్యులున్నా లైసెన్సున్నవాళ్లు ఇద్దరే అయితే, ప్రసారం చేయగలిగేది ఆ ఇద్దరే. కాబట్టి క్లబ్బు మొదటి ఏడాది డబ్బును సెట్ల మీద కాకుండా పరీక్ష శిక్షణ మీద పెట్టడం మేలు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ శిక్షణకు పేరున్న సంస్థ.

స్కూలు పిల్లలొస్తారు. వాళ్ల చేతికి మైకు ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. మన నియమాల ప్రకారం స్టేషన్ నడపాల్సింది లైసెన్సున్నవాళ్లే. పిల్లలు పక్కన కూర్చుని వినొచ్చు, మోర్స్ కీ మీద స్పీకరు శబ్దంతో సాధన చేయొచ్చు, యాంటెన్నా కట్టడంలో చెయ్యి వేయొచ్చు. గాల్లోకి సిగ్నలు వెళ్లే మీట నొక్కేది ఆపరేటరే. అక్టోబరులో స్కౌట్లు జరుపుకునే జోటా లాంటి కార్యక్రమాల్లో, అంతరిక్ష కేంద్రంతో స్కూళ్లు మాట్లాడే కార్యక్రమాల్లో పిల్లలు మాట్లాడాలంటే అనుమతి సంగతి ముందే డబ్ల్యూపీసీతో తేల్చుకోండి. అమెరికాలో ఆపరేటరు పక్కనుంటే ఎవరైనా మాట్లాడొచ్చు కదా అని వీడియోలు చూసి అనుకుంటారు. అక్కడి నియమం అక్కడిది.

తెలుగులో మాట్లాడొచ్చా? పాటలు వేయొచ్చా?

తెలుగులో నిక్షేపంగా మాట్లాడొచ్చు. నియమం అడిగేది రహస్య సంకేతాలు లేని మామూలు భాష. కాల్‌సైన్ మాత్రం మొదట్లో, చివర్లో, మధ్యమధ్యలో స్పష్టంగా చెప్పాలి. పాటలు, భజనలు, ప్రకటనలు, వ్యాపారం, రాజకీయ ప్రచారం ఏవీ కుదరవు. హామ్ స్టేషన్ ఆకాశవాణి కాదు. అది ఇద్దరు ఆపరేటర్ల మధ్య మాట. పొరపాటున పోలీసుల మాటలో, మరో శాఖ మాటలో చెవిన పడితే ఆ విషయం ఎవరికీ చెప్పకూడదు, వాట్సాప్‌లో అస్సలు పెట్టకూడదు.

జాతరలో, పుష్కరాల్లో, మారథాన్‌లో సేవ చేస్తామంటే?

ఇక్కడే చాలా క్లబ్బులు తడబడతాయి. మూడోవ్యక్తి కబుర్లను హామ్ రేడియో మీద మోయడం మామూలు రోజుల్లో నిషిద్ధం. డబ్బు తీసుకుని చేయడం ఎప్పుడూ నిషిద్ధమే. ఒక కంపెనీ తన ప్రచారానికి పెట్టిన పరుగుపందేనికి మీ సెట్లు అద్దెకిచ్చినట్టు పనిచేస్తే అది నేరుగా నియమభంగం.

అలాగని జనసమ్మర్దంలో హాములకు చోటే లేదనుకోనక్కర్లేదు. బెంగాల్లో గంగాసాగర్ మేళాలో వెస్ట్ బెంగాల్ రేడియో క్లబ్ సభ్యులు తప్పిపోయిన యాత్రికులను వాళ్ల ఇళ్లకు చేర్చే పని ఏళ్లుగా చేస్తున్నారు. అధికార యంత్రాంగంతో కలిసి, తమ పరిధి తెలుసుకుని చేస్తున్నారు. మన దగ్గర గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి. అలాంటి పనికి ముందుకు రావాలనుకునే క్లబ్బు ఇప్పుడే జిల్లా కలెక్టరుకు వినతి ఇవ్వాలి. ఆయన రాతపూర్వకంగా కోరితే, ఆ కాగితం జతచేసి డబ్ల్యూపీసీ అనుమతి అడగాలి. నోటిమాట మీద ఘాట్లో యాంటెన్నా ఎత్తొద్దు.

విపత్తు వస్తే నియమాలు సడలుతాయా?

కొన్ని సడలుతాయి. భూకంపం, వరద, తుపాను, పెద్ద అగ్నిప్రమాదం లాంటివి జరిగినప్పుడు మూడోవ్యక్తి కబుర్లు మోయొచ్చు. ఆ కబురు కలెక్టరు నుంచో, ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచో రావాలి, లేదా వాళ్లకు చేరాలి. లైసెన్సు అవసరం మాత్రం విపత్తులోనూ పోదు.

2004 డిసెంబరులో హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం ప్రత్యేక అనుమతితో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ నుంచి ప్రపంచంలోని హాములతో మాట్లాడటం వాళ్ల ఉద్దేశం. కాల్‌సైన్ వీయూ4ఆర్‌బీఐ. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. సరదా కోసం వేసుకున్న స్టేషన్ ఆ ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబురుదారి అయింది. అనుమతి, సెట్లు, అనుభవం మూడూ అప్పటికే చేతిలో ఉన్నాయి కాబట్టే అది సాధ్యపడింది. సునామీ వచ్చాక అనుమతి కోసం ఢిల్లీకి రాసి ఉంటే ఏం జరిగేదో మీరే ఊహించండి.

విపత్తులో పని ఎలా ఉంటుందో చూడండి. కంట్రోల్ రూములో ఒక ఫారం ఉంటుంది: వరుస సంఖ్య, సమయం, ఎవరి నుంచి, ఎవరికి, విషయం, సంతకం. ఒక లంక గ్రామంలో 40 మంది, తాగునీరు లేదు, పడవ కావాలి అని రాసి ఉంటే ఆపరేటరు అంతే చదవాలి. సొంతంగా ‘పరిస్థితి ఘోరంగా ఉంది’ అని చేర్చకూడదు. సంఖ్యను ‘నాలుగు, సున్నా’ అని విడదీసి చెప్పాలి, ఎందుకంటే గోలలో నలభై తొంభైలా వినిపిస్తుంది. అవతలివాళ్లు మొత్తం తిరిగి చదివి వినిపించాలి. అది సరిపోయాకే ‘రోజర్’. ఈ క్రమశిక్షణ ఒక్కరోజులో రాదు. ప్రతి ఆదివారం పొద్దున అరగంట నెట్, అంటే రేడియో మీదే సమావేశం, పెట్టుకుని, సభ్యులంతా వరుసలో హాజరు చెప్పి, తలా ఒక ఉత్తుత్తి కబురు పంపే క్లబ్బుకే వస్తుంది. నన్నడిగితే వారం వారం నెట్ నడవని క్లబ్బును విపత్తు బృందం జాబితాలో చేర్చకూడదు.

ఆన్‌లైన్‌లో చవకగా వాకీటాకీలు దొరుకుతున్నాయి. కొనొచ్చా?

లైసెన్సు చేతికొచ్చేదాకా కొనొద్దు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని తక్కువ శక్తి వాకీటాకీలకు కేటాయించింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య ఇరుకు సందు మాత్రమే. చవక సెట్లు చాలావరకు దాన్ని దాటి ఎక్కడ పడితే అక్కడ ప్రసారం చేస్తాయి. ఇలాంటి అమ్మకాలను కట్టడి చేస్తూ కేంద్రం 2025లో ఈ-కామర్స్ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సెట్టు ఎవరో అమ్మారన్న సాకు, వాడినవాళ్లను కాపాడదు.

ప్రత్యేక రోజులకు ప్రత్యేక కాల్‌సైన్ ఇస్తారా?

ఇస్తారు. ఏటీ, ఏయూ, 8టీ వంటి అక్షరాలతో మొదలయ్యేవి అలాంటివే. డబ్ల్యూపీసీకి ముందుగా దరఖాస్తు చేయాలి. ఏప్రిల్ 18 ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినోత్సవం, 1925లో పారిస్‌లో అంతర్జాతీయ సంఘం పుట్టిన రోజు. స్కూళ్లకు క్లబ్బు తలుపులు తెరవడానికి మంచి సందర్భం. మే 5ను కూడా తెలుగువాళ్లు గుర్తు పెట్టుకోవాలి. 2005లో ఆ రోజే శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద హామ్‌శాట్ వెళ్లింది. ప్రపంచ హాములందరికీ మన గడ్డ మీద నుంచి ఎగిరిన ఉపగ్రహం అది.

అపార్ట్‌మెంటు మీద యాంటెన్నా కట్టుకోవడం హక్కేనా?

లైసెన్సు ప్రసారానికి హక్కిస్తుంది, ఉమ్మడి డాబా మీద కాదు. అసోసియేషన్‌ను అడగండి. 7 మెగాహెర్ట్జ్‌కు కావాల్సింది సుమారు 20 మీటర్ల సన్నని తీగ, ఇనుప స్తంభమే కానక్కర్లేదని చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. కరెంటు తీగలకు దూరంగా కట్టండి. ఉరుములప్పుడు కేబుల్ ఊడదీయండి.

అమెరికాలో లైసెన్సుంది. సెలవులకు ఊరొచ్చినప్పుడు వాడొచ్చా?

అదే లైసెన్సుతో కుదరదు. విదేశీ పౌరులకు పరస్పర ఒప్పందం కింద ఇచ్చే లైసెన్సు విడిగా తీసుకోవాలి. సెట్టు వెంట తెచ్చుకోవాలన్నా బయల్దేరే ముందే అనుమతి సంగతి కనుక్కోండి.

ఇంకో మాట. పరీక్ష పాసైన వెంటనే లైసెన్సు రాదు, పోలీసు విచారణ పూర్తవడానికి నెలలు పడుతుంది. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఎక్కువ. కాబట్టి మీ క్లబ్బు ఈ వారమే కనీసం ఐదుగురి చేత సరళ్ సంచార్‌లో దరఖాస్తు పెట్టించండి.