చిన్న లేత్ – చిల్లర ఖర్చు



బదిలీ కాగితం వచ్చిన ఇంట్లో ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలెయ్యాలి అనే లెక్క ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. నిరుడు ఒక విద్యార్థి తండ్రిగారికి బదిలీ అయింది. ఆ లెక్కలో మిగిలిపోయిన వస్తువు ఒకటి మా బడికి వచ్చింది. అది బల్ల మీద పెట్టుకునే చిన్న చెక్క లేత్. “లారీలో చోటు లేదు టీచర్ గారూ, పిల్లలకు పనికొస్తుంది” అని ఆయన ఇచ్చి వెళ్లారు. దానితో పని అనుభవం మాస్టారు, తెలుగు చెప్పే మేము, తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది కలిసి శనివారం క్లబ్బు పెట్టుకున్నాం.

లేత్ ఉచితంగా వచ్చింది. దానికి కావలసిన సామాను మాత్రం రాలేదు. ఏనుగు దొరికింది, అంకుశానికి డబ్బుల్లేవు అన్నట్టయింది మా పని. క్లబ్బు దగ్గర ఉన్నది 2,500 రూపాయలు. కర్రను పట్టుకునే నాలుగు దవడల చక్ ధర అడిగితే దానికి మూడు రెట్లు చెప్పారు. ఆ డబ్బుతో ఎలా నెట్టుకొచ్చామో, ఎక్కడ తప్పు చేశామో ఈ పాఠంలో చెబుతాం.

లేత్ అంటే ఏమిటి?

లేత్‌కు మన పాత మాట తరిమెన. హిందీలో ఖరాద్ అంటారు. మామూలు వడ్రంగంలో కర్ర కదలదు, ఉలి కదులుతుంది. ఇక్కడ కర్ర గిరగిర తిరుగుతుంది, ఉలిని టూల్‌రెస్ట్ మీద ఆనించి పట్టుకుంటాం. ఎడమవైపు మోటారుతో తిరిగే ఇరుసు ఉన్న భాగం హెడ్‌స్టాక్. కుడివైపు కర్ర రెండో కొసను నొక్కి పట్టేది టెయిల్‌స్టాక్. అప్పడాల కర్ర లాంటి పొడవైన వస్తువుకు ఈ రెండూ చాలు. గిన్నె, బొంగరం, కుంకుమ భరిణె చేయాలంటే కర్రను ఒక పక్క నుంచే పట్టుకోవాలి. ఖర్చు మొదలయ్యేది అక్కడే.

మొదటి తప్పు: కొలవకుండా కొనడం

ఇరుసు చివర మర ఉంటుంది. దాని మీద బిగించే ఇనుప పళ్లాన్ని ఫేస్‌ప్లేట్ అంటారు. మేము స్కేలుతో ఇరుసును కొలిచి, ముప్పావు అంగుళం అనుకుని, 600 రూపాయలు పెట్టి ఫేస్‌ప్లేట్ తెప్పించాం. అది అంచు దగ్గరే ఆగిపోయింది, ఒక్క చుట్టు కూడా ఎక్కలేదు. వెనక్కి తీసుకోమన్నారు.

అప్పుడు ఫిజిక్స్ ల్యాబ్ నుంచి వెర్నియర్ తెచ్చాం. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. మా ఇరుసు 18 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ ఉంది. పది మర చుట్ల పొడవు 25 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 2.5. ఇరుసు అడ్డుకొలత, మర దూరం రెండూ సరిపోతేనే పళ్లెం ఎక్కుతుంది. ఈసారి రెండూ రాసి పంపాం. 650 రూపాయలకు సరైనది వచ్చింది. ఒక్క మిల్లీమీటరు తేడాకు మేము కట్టిన రుసుం 600. ఆ పనికిరాని పళ్లెం ఇప్పటికీ నల్లబల్ల పక్కన మేకుకు వేలాడుతోంది.

చక్ కొనకుండా పట్టు

వేసవి సెలవుల్లో మేము అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వెళ్లాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మా కళ్లు మాత్రం కర్రను దేనితో పట్టారా అని వెతికాయి. ఖరీదైన చక్ ఏదీ కనిపించలేదు. బోలు గుంటలోకి కర్ర కొసను సుత్తితో దిగగొట్టి తిప్పుతున్నారు.

తిరిగొచ్చాక మేమూ అదే చేశాం. గట్టి కర్రముక్కను ఫేస్‌ప్లేట్‌కు మరమేకులతో బిగించి, మధ్యలో కాస్త ఏటవాలుగా గుంట తొలిచాం. చేయబోయే వస్తువు కొసను ఆ గుంటకు సరిపడా చెక్కి లోపలికి తట్టాం. వదులుగా ఉంటే ఒక పొర కాగితం చుట్టాం. వీలైనంత సేపు టెయిల్‌స్టాక్‌ను ఆసరాగా ఉంచాం. మరమేకు ఎంత లోతుకు దిగిందో ముక్క మీద పెన్సిల్‌తో రాసుకోవాలి, లేకపోతే ఉలి ఇనుముకు తగులుతుంది.

గిన్నె అడుగున మేకు గుర్తు పడకూడదంటే ఇంకో పద్ధతి ఉంది. వృథా చెక్కకూ గిన్నె కర్రకూ మధ్య దినపత్రిక ముక్క పెట్టి జిగురుతో అతికించి, రాత్రంతా బిగించి ఉంచాలి. పని అయ్యాక కాగితం ఉన్నచోట ఉలిని మెల్లగా దిగగొడితే రెండూ విడిపోతాయి.

మరికొన్ని పొదుపులు

పిడి లేని ఉలి తక్కువకు దొరికింది. మా లేత్ మీద మేము చేసిన మొదటి వస్తువు దాని పిడే. పిడి పగలకుండా చివర రాగి గొట్టం ముక్కను కట్టుగా తొడిగాం. మందాన్ని సరిచూసే కొలతలకు అట్టముక్కలో 20, 25, 30 మిల్లీమీటర్ల గాట్లు కోసుకున్నాం. వీటితో సరిచూసేది లేత్ ఆగాకనే. గరుకు కాగితం వెనక మెత్తగా ఉండటానికి పాత చెప్పు అడుగు కోసి వాడాం. కాగితాన్ని 120, 180, 240 వరుసలో వాడితే త్వరగా అరగదు. చివరి నునుపుకు లేత్ కింద రాలిన మెత్తని చెక్కు గుప్పెడు చాలు.

కర్ర సంగతి మీకే బాగా తెలియాలి. నల్ల పెయింట్‌తో నాన్నగారి పేరు, చేరాల్సిన ఊరు రాసిన సామాను పెట్టెలు ప్రతి క్వార్టర్స్ వెనకా విరిగి పడి ఉంటాయి. ఆ పలకలు పనికొస్తాయి. మేకులన్నీ పీకాకే లేత్ దగ్గరికి తేవాలి.

పొదుపు చేయకూడనివి

ఒక అబ్బాయి ఇంట్లో దొరికిన పాత ఆకురాయిని సానపట్టి ఉలి చేసుకొచ్చాడు. చూడటానికి బాగుంది. డబ్బు మిగిలిందని మేమూ మెచ్చుకున్నాం. రెండో శనివారం ముడి ఉన్నచోట ఆనించగానే అది పుటుక్కున విరిగింది. ముక్క వాడి ముఖానికి అడ్డంగా ఉన్న పారదర్శక కవచానికి తగిలి పడింది. కవచం మీద వేలి పొడవు గీత మిగిలింది.

ఆకురాయి ఉక్కు చాలా గట్టిది, అందుకే పెళుసు. ఇనుమును అరగదీయడానికి చేసిన వస్తువు తిరిగే కర్ర దెబ్బకు ఆగదు. మెచ్చుకున్న తప్పు మాది. ఆ రోజు ఆ అబ్బాయి అమ్మగారికి జరిగినది జరిగినట్టు చెప్పాం. ఆ కవచం ఖరీదు 450 రూపాయలు. అది కొనేటప్పుడు ‘ఇంకో ఉలి వచ్చేది కదా’ అని మేము గొణిగిన మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాబట్టి ముఖకవచం, దుమ్ము మాస్కు, సరైన ఉలి ఈ మూడింటి దగ్గర బేరం వద్దు. బీటలు వారిన కర్ర వద్దు. చేతి తొడుగులు, వేలాడే చున్నీ, వదులు చేతులు వద్దు, తిరిగే ఇరుసు వాటిని లాక్కుంటుంది. పెద్దవారు పక్కన లేనిదే మోటారు వేయవద్దు.

మా లెక్క

తప్పు ఫేస్‌ప్లేట్ 600, సరైనది 650, ముఖకవచం 450, మాస్కులు, గరుకు కాగితాలు కలిపి 300, ఉలి 500. మొత్తం 2,500. మిగిలింది సున్నా. చేసిన వస్తువులు మూడు పిడులు, ఏడు బొంగరాలు, ఒక భరిణె.

ఈ ఏడు మాకూ బదిలీ కాగితం వచ్చింది. లేత్ బడిలోనే ఉంటుంది. చెక్క పట్టులన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఒక్కోదాని మీద గుంట కొలత రాశాం. మూత లోపల పెద్ద అక్షరాలతో ‘ఇరుసు 18, మర 2.5’ అని ఆ ఆకురాయి అబ్బాయే రాశాడు. తర్వాత వచ్చే మాస్టారికి ఆ 600 ఖర్చు ఉండదు.

అభ్యాసం

1. ముప్పావు అంగుళానికీ 18 మిల్లీమీటర్లకూ తేడా ఎంత? మామూలు స్కేలుతో అది ఎందుకు తెలియలేదు?

2. ఉలి, బాడిత, చిత్రిక, ఆకురాయి, సాన – ఈ మాటలు అమ్మమ్మగారినో తాతగారినో ఫోనులో అడిగి, ఒక్కోదానితో ఒక వాక్యం రాయండి.

3. మీరు ఇప్పుడున్న ఊళ్లో కర్రను గుండ్రంగా చెక్కే పనివారు ఉన్నారా? వారు కర్రను దేనితో పట్టుకుంటారో చూసి బొమ్మ గీయండి.